బొమ్మకు తగిన ఆకు

బొమ్మల కొలువు తీర్చు ఇండ్లలో బొమ్మలను గూర్చి జరుగునంత చర్చ వాని కాళ్ళ క్రింది నేలను గూర్చి జరుగదు. ఏ మెట్టుపై దశావతారములు ఉండవలెను, ఏ మెట్టుపై పెండ్లివారు కూర్చుండవలెను, అంబారీ ఏనుగు ఎటు తిరిగి నిలువవలెను అని ఇంటిల్లిపాదియు ఆలోచింతురు. మెట్ల ముందు పల్లెయో, పొలమో, కొండయో, కోనేరో అమర్చు పని మాత్రము తుదకు పిల్లల పాలగును. వారు పెరటిలోనికి పరుగెత్తి, చేతికందిన కొమ్మ నొకదానిని తెచ్చి ఇసుకలో గ్రుచ్చి, అదియే చెట్టని సంతోషింతురు. ఇప్పుడు పట్టణములలో అంతస్తుల ఇండ్లలో గది సగము ఆక్రమించు పల్లెకు తావు దొరకుట కష్టము. అందుచేత ఒకటి రెండు బొమ్మలను మూరెడు పలక మీద నిలిపి, ఆ పలకనే పొలముగనో తోటగనో తీర్చుకొనువారును కలరు. పలక చిన్నదైన కొలదియు దానిపై నుంచు ప్రతి వస్తువునకును బాధ్యత హెచ్చును. ఈ ప్రసంగములో మేము ఆ పలకను గూర్చియు, విశేషించి దానిపై నుండదగిన ఆకును గూర్చియు ముచ్చటింపదలచినాము.

ఆకును గూర్చి అంత ఆలోచన ఎందుకని కొందరు అడుగవచ్చును. ఒక చిన్న పరీక్ష చేసి చూడుడు. 6 అంగుళముల ఎత్తుగల కొండపల్లి రైతు బొమ్మను తీసికొని, దాని ప్రక్కన ఒక మామిడి రెమ్మను నిలుపుడు. ముదురు మామిడియాకు సుమారు 8 అంగుళముల పొడవుండును. రైతు తలపాగాకు మించి ఆకు నిలుచును. మామిడియాకు ఎంత ఉండునో మన కంటికి చిన్ననాటి నుండియు తెలిసిన సంగతియే. కావున కన్ను ఆకు పెద్దదని చెప్పదు, మనిషియే చిన్నవాడని తీర్పు చెప్పును. అంతవరకు తన పొలమునకు యజమానిగా నిలిచిన రైతు, ఆ రెమ్మ ప్రక్కకు రాగానే మిడుతతో సమానుడగును. చెక్కినవాని పనితనము ఎక్కడికిని పోలేదు, రంగు చెదరలేదు, అయినను బొమ్మలోని మనిషి పోయి కొయ్యముక్క మిగులును. ఒక్క ఆకు చేసిన పని ఇది. దానికి మారుగా ముప్పాతిక అంగుళపు ఆకులుగల కొమ్మ నొకదానిని అక్కడ నిలిపినచో, అదే రైతు మరల మనిషియగును. నీడలో నిలిచినట్లును, చెట్టు తనదే యైనట్లును తోచును.

కావున మొదట కావలసినది కొలత. మనిషి ఎత్తును 5½ అడుగులు, అనగా 66 అంగుళములు అనుకొందము. బొమ్మ 6 అంగుళములున్నచో అది నిజమైన మనిషిలో పదునొకండవ వంతు. అప్పుడు పలక మీది ప్రతి వస్తువును తన నిజమైన పరిమాణములో పదునొకండవ వంతే ఉండవలెను. 8 అంగుళముల మామిడియాకు ముప్పాతిక అంగుళమునకు దిగవలెను. 6 అంగుళముల మర్రియాకు అర అంగుళమునకు కొంచెము మించవచ్చును. 5 అంగుళముల రావియాకు అర అంగుళమునకు లోపుగా ఉండవలెను. రెండున్నర అంగుళముల వేపాకు పావు అంగుళమునకు మించరాదు. 6 అడుగుల అరటియాకు సైతము ఆరున్నర అంగుళములతో తృప్తిపడవలెను. ఈ లెక్కకు పెద్ద గణితము అక్కరలేదు. బొమ్మ ఎత్తును కొలిచి 66ను దానితో భాగించినచో వచ్చు సంఖ్యయే ఆ పలకకు ధర్మశాస్త్రము. దానిని ఒక కాగితముపై వ్రాసి పిల్లల చేతికిచ్చినచో, వారు పెరటిలో ఏరు ప్రతి ఆకును తామే కొలిచి చూచుకొందురు.

ఆకు చిన్నదిగా కావలెననగానే చాలమందికి తోచు ఉపాయము లేత ఆకు. మామిడి చిగురు మామిడియాకు కంటె చిన్నదే కదా అందురు. కాని చిగురు ముదురాకునకు చిన్న ప్రతిబింబము కాదు. దాని రంగు వేరు, నిగనిగ వేరు, మెత్తదనము వేరు. కోసిన కొలదిసేపటికే అది వ్రేలాడబడును, మరునాటికి ముడుచుకొని నల్లబడును. కుండీలలో మరుగుజ్జు చెట్లను పెంచు జపానువారి బోన్సాయి విద్యలోను ఈ చిక్కు కలదు. ఎన్నో యేండ్ల కత్తిరింపులతో ఆకును కొంతవరకు చిన్నది చేయవచ్చునుగాని, పూవును కాయను అట్లు కుదించుట సాధ్యము కాదు. మూరెడు చెట్టునకు నిజమైన దానిమ్మకాయయే కాచి వ్రేలాడును. ఏ మొక్క అయినను తన ఆకు కొలతను అంత సులువుగా వదలుకొనదు.

మరి మార్గమేమి? పెద్ద చెట్టు ఆకును ఆ చెట్టులోనే వెదకుట మాని, వేరొక మొక్కలో వెదకవలెను. చిన్న మామిడియాకు మామిడి చెట్టున దొరకదు, చింతచెట్టున దొరకును. ఈ ప్రసంగమునకంతకును సారము ఈ ఒక్క మాటయే.

చింతాకు అని మనము వాడుకలో అనునది నిజమునకు ఒక పూర్తి ఆకు కాదు. నడుమ ఈనె, దానికి ఇరుప్రక్కల పది మొదలు ఇరువది జతల చిట్టి ఆకులు, ఇవన్నియు కలిసి ఒక ఆకు. ఆ చిట్టి ఆకులను వృక్షశాస్త్రజ్ఞులు పత్రకములందురు. చింత, జమ్మి, తుమ్మ, మునగ మొదలగువానికి ఇట్టి ఆకులే కలవు. ఎండ మిక్కుటముగా గల నేలలలో ఇట్టి చెట్లు విరివిగా పెరుగుటకు కారణము లేకపోలేదు. వెడల్పుగా పరచుకొన్న ఆకు ఎండకు త్వరగా వేడెక్కును. చిన్న చిన్న ముక్కలుగా విడిపోయిన ఆకు గాలికి తన వేడిని సులభముగా వదలును, నీటి కరవు వచ్చినపుడు కొన్ని పత్రకములను రాల్చి తక్కినవానిని నిలుపుకొనగలదు. అనగా మన మెట్టప్రాంతముల వేసవి బొమ్మల పలకలకు గొప్ప ఉపకారము చేసినది. చలిదేశములవారు అంగడిలో కొనుక్కొను వస్తువు మన వీధి చివర నేలరాలి ఉన్నది.

చింత పత్రకము అర అంగుళము మొదలు ముప్పాతిక అంగుళము వరకు ఉండును. అంచులు సమానముగా, కొన గుండ్రముగా, ఒంటిపొరతో అందముగా ఉండును. దీని అందమును మన కంసాలులు ఏనాడో గుర్తించి చింతాకు పతకమను నగను కల్పించినారు. 6 అంగుళముల బొమ్మకు ఇది మామిడియాకు కొలత. ఉసిరి రెమ్మ మీది ఆకులు ఇంకను సన్ననివి, పొడవుకు తగిన వెడల్పు లేనివి. అవి నరమామిడియాకులను తలపించును. మునగ పత్రకము కోడిగ్రుడ్డు ఆకారమున నిండుగా ఉండును కావున మర్రియాకునకు సరిపోవును. నల్లతుమ్మ పత్రకము పావు అంగుళమునకు లోపు. అది వేపాకు స్థానమున నిలుచును. రావియాకు మాత్రము కొంచెము కష్టపెట్టును, దానికి హృదయాకారమును వాడి కొనయు కావలెను. తడి గోడల క్రింద, కుండీల నీడలో, నీటి తొట్ల చుట్టును వానకాలమున ఒక లేత మొక్క మొలచును. దాని కాడ గాజువలె పారదర్శకముగను, ఆకులు నున్నగా హృదయాకారముగను ఉండును. చాలమంది దానిని కలుపని పీకి పారవేయుదురు. దాని చిన్న ఆకులను ఏరినచో రావికొమ్మకు కావలసిన సామగ్రి సిద్ధము.

బొమ్మ మారినచో ఆకు పేరు కూడ మారును. ఏటికొప్పాక లక్కబొమ్మలలో 3 అంగుళములకు మించని మనుషులు కొందరుందురు. వారికి లెక్క 22. అప్పుడు ముప్పాతిక అంగుళపు చింతాకు పదునారు అంగుళముల ఆకుగా కనబడును. అంతటి ఆకు టేకుచెట్టుది. మొన్న మామిడిగా నిలిచిన రెమ్మయే ఇప్పుడు టేకువనమగును. అడుగు ఎత్తుగల మట్టిబొమ్మ వద్ద లెక్క ఐదున్నరకు దిగును. అక్కడ చింతాకు చాలదు, ఒకటిన్నర అంగుళపు గోరింటాకు మామిడి పాత్రను వహింపవలెను. కావున ఈ ఆకు ఈ చెట్టుకని శాశ్వతముగా నిర్ణయించుట వీలుకాదు. నాటకసమాజములో నటునివలె ఒకే ఆకు వేరువేరు బొమ్మల ఎదుట వేరువేరు వేషములు ధరించును.

ఇక నీరు. కోనేటికి అద్దపు ముక్కను పరచుట పాత పద్ధతి, మంచి పద్ధతియు. దానిపై కలువాకులు కావలెనన్నచో సరస్వతి ఆకును చూడుడు. అది గుండ్రముగా ఉండి, కాడ కలియుచోట లోనికి చీలి ఉండును. కలువాకునకు సరిగా అదే లక్షణము. అర అంగుళము మొదలు అంగుళము వరకు గల లేత ఆకులను ఏరి, కాడలు కత్తిరించి అద్దముపై పరచినచో కోనేరు సజీవమగును. తామరాకునకు మాత్రము ఇది పనికిరాదు, ఏలయన తామరాకునకు చీలిక లేదు, కాడ నడిబొడ్డున కలియును. అద్దమునకు బదులు లోతులేని పళ్ళెములో నిజమైన నీటినే ఉంచువారు చెరువులపై తేలు చిన్ని పచ్చరేకులను ఒక చెంచాడు తెచ్చి వదలవచ్చును. వానిలో ఒక్కొక్కటి ఒక పూర్తి మొక్కయే. ఆ కుటుంబమునకే చెందిన వోల్ఫియా అను మొక్క నూకగింజ కంటెను చిన్నది, ప్రపంచములో పూచు మొక్కలన్నిటిలోను అతి చిన్నదిగా ప్రసిద్ధి కెక్కినది. కొలువు ముగిసిన పిమ్మట వీనిని తెచ్చిన చెరువులోనే వదలుట మంచిది. ఇవి దినదినమును పెరుగునవి గనుక క్రొత్త నీటిలోనికి పోనీయరాదు.

పొలమునకు రాగిగింజలను మించినవి లేవు. రాగులను ఒక రాత్రి నానబెట్టి, పలకపై అంగుళము మందమున పరచిన తడి మన్నుపై పలుచగా చల్లి, పైన పిడికెడు మెత్తని మన్ను జల్లి, నీరు చిలుకరించుచు నుండవలెను. మూడు నాలుగు దినములలో మొలకెత్తును. పది పండ్రెండు దినములకు రెండు మూడు అంగుళములు ఎదుగును. 6 అంగుళముల రైతుకు అది నడుము దగ్గరకు వచ్చు వరిచేను. ఆవాలును మొలచును గాని వాని తొలి ఆకులు రెండుగా చీలి వెడల్పుగా ఉండును గనుక, అది వరిగా కాక కూరమడిగా కనబడును. ఆ మాట ముందే ఎరిగి, గట్టునకు ఇటు రాగులను అటు ఆవాలను చల్లినచో రెండు పంటలును ఒకే పలకపై పండును. చీకటి మూలలో ఉంచినచో మొలకలు పాలిపోయి సన్నగా సాగి పడిపోవును కావున వెలుతురు చాల అవసరము.

చెట్టు ఆకుల తరువాత నేల రాలిన ఆకులను గూర్చి చెప్పవలెను. అనుభవములేనివారు పలకను పచ్చగా నింపి ఊరుకొందురు. నిజమైన చెట్టు క్రింద నేల ఎన్నడును అట్లుండదు. ఎండిన ఆకులు, సగము ఎండినవి, ముక్కలైనవి కలిసియుండును. ఇక్కడ ఐరోపా దేశములలో సైనికుల బొమ్మలకు పీఠములు తీర్చువారు కనుగొన్న ఒక ఉపాయము వినదగినది. వారి సైనికులు సాధారణముగా 54 మిల్లీమీటర్ల ఎత్తువారు. అంత చిన్న మనిషికి సరిపోవు రాలుటాకు ఏ చెట్టున దొరకును? వారు బిర్చి అను చెట్టు కంకులను ఏరుకొందురు. ఆ చెట్టు మనకును క్రొత్త కాదు. హిమాలయములలో పెరుగు దాని జాతినే మన పూర్వులు భూర్జవృక్షమని పిలిచి, దాని పట్టపై గ్రంథములు వ్రాసినారు. బిర్చి కంకిని వ్రేళ్ళతో నలిపినచో రెక్కల విత్తనములతో పాటు మూడు మొనలుగల చిన్ని పొలుసులు రాలును. ఒక్కొక్కటి చినారు ఆకునకు అచ్చముగా చిన్నరూపము. అది ఆకు కాదు, విత్తనములను కాపాడు పొట్టు. అయినను సైనికుని బూటు ప్రక్కన పడినపుడు దానిని ఆకు కాదనగల కన్ను లేదు.

మన సముద్రతీరమున ఇట్టి ఉపకారమే చేయునది సరుగుడు. దాని కాయ వ్రేలి కొనంత ఉండును. గోధుమరంగునకు తిరిగిన కాయలను కోసి, పళ్ళెములో పోసి, రెండు మూడు దినములు ఎండలో ఉంచినచో అవి పక్షిముక్కులవలె నోళ్ళు తెరచి గింజలను రాల్చును. ఒక్కొక్క గింజకు పలుచని రెక్క ఒకటి యుండును. రెక్కతో కలిసి అది పావు అంగుళము పొడవు. 6 అంగుళముల బొమ్మ పాదముల వద్ద వానిని చల్లినచో, మూడు అంగుళముల ఎండుటాకులు గాలికి కొట్టుకొనివచ్చి నిలిచినట్లుండును. సరుగుడును గూర్చి ఇంకొక వింత కూడ చెప్పవలెను. మనము దాని ఆకులనుకొను పచ్చని సూదులు ఆకులు కావు, సన్నని కొమ్మలు. ఒక సూదిని తీసికొని వెలుతురుకు ఎత్తి చూచినచో కణుపులు కనబడును. ప్రతి కణుపు చుట్టును ఏడెనిమిది అతి సూక్ష్మమైన పండ్లవంటి పొలుసులుండును. అవియే నిజమైన ఆకులు. వానిని ఏ బొమ్మకును వాడలేము గాని, సూదులను అంగుళము చొప్పున కత్తిరించి గుత్తిగా అతికించినచో రెల్లుదుబ్బు సిద్ధమగును.

పొదలకు పూలదుకాణమే చాలును. మరువము రెమ్మలు ఎండినను ఆకులు నిలుపుకొనును, బూడిదవన్నె ఆకుపచ్చతో ముళ్ళకంపల నడుమ మొలచు పొదలవలె కనబడును. దవనము చీలికలుగా ఉండును గనుక దూరమునకు పెరిగిన తీగపొదవలె తోచును. రెండింటికిని సువాసన అదనపు లాభము. తులసి పూగుత్తులు ఎండినచో వరుసలు వరుసలుగా గిన్నెలు అమర్చినట్లుండును. వానిని నిలువుగా గ్రుచ్చినచో పూలమడి యగును.

కొన్నిటిని దూరముగా ఉంచవలెను. వయ్యారిభామ ఆకు చక్కగా చీలి ఆశ పుట్టించును గాని, దాని స్పర్శచేత చర్మముపై దద్దురులు లేచువారు కలరు. గన్నేరు విషము. జిల్లేడు పాలు కంటికి తగిలినచో ప్రమాదము. గురివింద పత్రకములు పలకకు ఎంతయో తగినవే అయినను, ఆ తీగతో పాటు గింజలు ఇంటికి వచ్చును. ఎర్రగా నల్లగా మెరయు ఆ గింజను పిల్లలు కొరికి నమలినచో ప్రాణమునకే ముప్పు. పిల్లలతో కలిసి ఆకులు ఏరు పెద్దలు ఈ నాలుగింటిని ముందుగా చూపి, పేరు చెప్పి, తాకవలదని హెచ్చరింపవలెను.

కాలమును గమనించుటయు అవసరమే. కొన్ని ప్రాంతములలో కొలువు దసరాకు, కొన్నిట సంక్రాంతికి తీర్చుదురు. దసరా నాటికి వానలు వెనుకబట్టి నేల పచ్చగా ఉండును. గోడపాచి, హృదయాకారపు చిన్ని ఆకులు, సరస్వతి ఆకు అప్పుడు సమృద్ధి. సంక్రాంతి నాటికి మంచు తప్ప తేమ ఉండదు, పచ్చనివి తగ్గును. అయితే కంకులు, పొట్టు, ఎండుగింజలు, రాలుటాకులు అప్పుడే పుష్కలము. కావున దసరా కొలువునకు తోటయు, సంక్రాంతి కొలువునకు కోత ముగిసిన పొలమును తీర్చుట ప్రకృతికి అనుగుణము. తెలంగాణమున విజయదశమినాడు జమ్మియాకును బంగారమని పంచుకొందురు. 2014లో జమ్మిచెట్టును ఆ రాష్ట్రపు వృక్షముగా ప్రకటించినారు కూడ. పండుగ మరునాడు ఆ ఆకులు పారవేయుటకు మనసొప్పదు, ఉంచుకొనుటకు ఉపయోగము తోచదు. వానిని పాత వార్తాపత్రికల నడుమ ఆరబెట్టి డబ్బాలో దాచినచో వచ్చు ఏటి పలకకు చిట్టి ఆకులు లభించును.

ఆరబెట్టుటలో ఓర్పు కావలెను. పలుచని ఆకులను కాగితముల నడుమ పెట్టి పైన బరువుంచవలెను. మొదటి మూడు నాలుగు దినములు కాగితమును ప్రతిదినము మార్చవలెను, లేనిచో తేమ నిలిచి ఆకు నల్లబడును. కొమ్మ ఆకారము చెడకుండ కావలెనన్నచో, జల్లించి ఎండబెట్టిన సన్నని ఏటి యిసుకలో నిలువుగా పూడ్చి పది పదునైదు దినములు కదలింపక ఉంచవలెను. మందమైన ఆకుల రెమ్మలకు గ్లిసరిన్ ఒక పాలు, వేడినీరు రెండు పాళ్ళు కలిపి, కాడను అందులో ఉంచుట మంచిది. నీటితో పాటు గ్లిసరినును ఆకు పీల్చుకొని మెత్తగా నిలుచును, రంగు మాత్రము గోధుమవన్నెకు తిరుగును. చింత రెమ్మను ఈ రీతులలో దేనిచేతను నిలుపజాలము. ప్రతి పత్రకమునకు మొదట ఒక కీలు కలదు, ఎండగానే అది విడిపోవును. కావున రెమ్మను గుడ్డలో చుట్టి వ్రేలాడదీసి, రాలిన పత్రకములను మాత్రము కూర్చుకొని, వేరొక ఎండుపుల్లకు ఒక్కొక్కటిగా అతికింపవలెను. ఎండ నేరుగా తగులుచోట ఏ పచ్చదనమైనను వెలియును. పలకను కిటికీకి ఎడముగా ఉంచినచో కొన్ని మాసములు నిలుచును.

జిగురునకు అంగడిలో దొరకు తెల్లజిగురు చాలును. కొండపల్లి పనివారు బొమ్మ అవయవములు అతుకుటకు చింతగింజల పొడిని రంపపుపొట్టుతో కలిపి మక్కు అను ముద్దను తయారు చేయుదురు. పలకపై గట్టును, పుట్టను, చెట్టు మొదలును మలచుటకు అది మిక్కిలి అనువైనది. ఆకులను చల్లునపుడు సమముగా చల్లరాదు. గాలి ఆకును ఎక్కడికి త్రోయునో అక్కడ చేర్చవలెను. గోడ మూల, రాతి ప్రక్క, వేళ్ళ నడుమ, గుమ్మము ముందు దట్టముగా ఉండవలెను. కాలిబాట నడుమ ఒకటి రెండు చాలును. నడుచు మనుషులున్నచో బాట శుభ్రముగా ఉండును కదా. అట్లు చల్లిన నాలుగు ఆకులు పలకపై గాలి వీచినదనియు, మనుషులు తిరిగినారనియు చెప్పును.

ఇంత శ్రమ ఎందుకు, ప్లాస్టిక్ ఆకులు పొట్లములలో దొరకును గదా అనువారును కలరు. దొరకును. కాగితమును సూక్ష్మముగా కత్తిరించిన ఆకులును దొరకును. భవనముల నమూనాలు చేయువారికి అవి అవసరమే. వెలియకుండుట, పురుగు పట్టకుండుట వాని సుగుణములు. వానిని వాడుట తప్పని మేము చెప్పము. కాని అందులో ప్రతి ఆకును తక్కిన ఆకులవంటిదే. చింతచెట్టు క్రింద ఏరిన నూరు పత్రకములలో ఏ రెండును ఒక్కటి కావు. ఒకదానికి అంచు చిరిగినది, ఒకదానిని పురుగు కొరికినది, ఒకటి పసుపు, ఒకటి సగము పచ్చ. ఆ తేడాయే కంటిని నమ్మించును.

నిజమైన దానిని ఏరువారికి ఒక మర్యాద కూడ ఉండవలెను. క్రైస్తవ గృహములలో క్రిస్మసునకు తీర్చు పశువులపాకకు ఐరోపాలో దట్టమైన పాచిని పరచు ఆచారము కలదు. సెయింట్ ఫ్రాన్సిస్ 1223లో ఇటలీదేశపు గ్రెచ్చో గ్రామమున ఆ దృశ్యమును ఏర్పరచినది మొదలు ఆ సంప్రదాయము వ్యాపించినది. పాచి నీటిని పట్టి ఉంచును, మిక్కిలి మెల్లగా పెరుగును. ఒక సాయంకాలమున ఒలిచిన పాచి మరల పరచుకొనుటకు ఏండ్లు పట్టవచ్చును. అందుచేత అక్కడ కొన్ని ప్రాంతములలో దాని సేకరణపై అదుపు విధించినారు. మన కొండకోనలలోని పాచికిని ఆ మాటయే వర్తించును. ఇంటి గోడ మీదిది, మేడ మీది కుండీలోనిది అరచేయి అంత చాలును. జమ్మికొమ్మలను విరుగగొట్టనక్కరలేదు, చింతచెట్టు నెక్కనక్కరలేదు. రాలినదే మనకు కావలసినది.

బొమ్మ వచ్చిన చెట్టును కూడ ఈ సందర్భమున తలచుకొనవలెను. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కొయ్యతో చేయబడును. తేలికగను మెత్తగను ఉండు ఆ కొయ్య సమీపమున గల కొండల నుండి వచ్చుచుండెను. అది నానాటికి అరుదగుచున్నదని పనివారు ఎన్నోమారులు చెప్పుచు వచ్చినారు. కొయ్య లేనిచో బొమ్మ లేదు, బొమ్మ లేనిచో దాని ప్రక్కన నిలుపుటకు ఆకును వెదకువాడును ఉండడు.    ఆ చెట్టున్న చోటికి పోవు పిల్లలు రాలిన కాయలను నాలుగైదు ఏరవలెను. 

కాయను ఒలిచిన తరువాత గింజ మిగులును. దానిని పారవేయవలదు. వానకాలమున ఒక కుండీలో నాటి, మొక్క నిలద్రొక్కుకొన్న పిమ్మట చోటున్న నేలలోనికి మార్చవలెను. ఆకునకై వెదకిన పిల్లవాడు ఆ నాటికి చింతను, జమ్మిని, ఉసిరిని, తుమ్మను ఆకు చూచి పేరు చెప్పగలవాడగును. కొలువు తొమ్మిదినాళ్ళకో మూడునాళ్ళకో ముగియును. పలక అటక మీదికి పోవును. ఆ ఎరుకయు, కుండీలోని మొక్కయు ఇంటిలో మిగులును.